రాజాం పెరట్లో పట్టాలు

రాజాంలో రైలు లేదు. అందుకే అక్కడ ఇల్లు కట్టుకున్నాను.

ఈ మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. రిటైరైన రైలు డ్రైవర్లు మామూలుగా స్టేషన్ల చుట్టుపక్కలే స్థిరపడతారు. తోటివాళ్ళు ఉంటారు, సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ఓ బెంచీ ఉంటుంది, ఏ బండి ఎంత ఆలస్యమో చెప్పుకోవడానికి ఉంటుంది. నేను విజయనగరంలో క్వార్టరు ఖాళీ చేసి రాజాం వచ్చేశాను. అడిగినవాళ్ళకి, మా ఆవిడ పుట్టిల్లు అక్కడే కదా, ఆవిడ అన్నయ్య అక్కడే ఉన్నాడు కదా అని చెప్పాను. అదీ నిజమే. కానీ స్థలం కొనే ముందు ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఖాళీ జాగాలో గొడుగు వేసుకుని కూర్చుని విన్నాను. బస్సులు వినిపించాయి. రైసుమిల్లు వినిపించింది. కాలేజీ బస్సు డ్రైవరు ఎవరినో తిట్టడం వినిపించింది. రైలు వినిపించలేదు. మర్నాడు సరే అన్నాను.

ముప్పై నాలుగేళ్ళు బండి నడిపాను. మొదట గూడ్సు, తరవాత పాసింజర్లు, చివర్లో ఎక్స్‌ప్రెస్‌లు. ఎక్కువగా విజయనగరానికీ పలాసకీ మధ్య, అప్పుడప్పుడు అది దాటి. ప్రతి కొన్నేళ్ళకీ కళ్ళు చూసేవారు, చెవులు చూసేవారు, రక్తం తీసేవారు. అన్నీ బాగున్నాయనే రాసేవారు. నాకు మాత్రం చాలా ఏళ్ళుగా ఏ సంగతీ పెద్దగా అనిపించడం మానేసింది. అది వాళ్ళు చూసేది కాదు, నేను చెప్పేదీ కాదు. మా అమ్మాయి పెళ్ళి ఆల్బం తిరగేస్తే అన్ని ఫొటోల్లోనూ నా మొహం గుర్తింపుకార్డు మీద ఫొటోలాగే ఉంటుంది. పక్కన మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. నేను కెమెరా చెప్పిన వైపు చూస్తూ ఉంటాను.

రాజాం వచ్చాక రోజులు బాగానే గడిచాయి. బాగానే అంటే, గడిచాయి. పొద్దున్నే లేచి పెరట్లో మొక్కలకి నీళ్ళు పట్టేవాణ్ణి. మా ఆవిడ కనకాంబరాలు వేసింది, బెండ వేసింది, ఓ మూల జామచెట్టు పెట్టింది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. ఏ పాదులో గొప్పు తవ్వాలో వరండాలో కూర్చుని చెప్పేది, నేను తవ్వేవాణ్ణి. తరవాత వరండాలో నేనూ కూర్చునేవాణ్ణి. పది గంటలకి బావ వచ్చేవాడు.

బావ అంటే మా ఆవిడ అన్నయ్య. నాకంటే రెండేళ్ళు పెద్ద. నన్ను అతనూ బావా అనే పిలుస్తాడు. మెయిన్ రోడ్డు మీద ఇనప సామాన్ల షాపు నడిపి నడిపి, ఈ మధ్యే కొడుక్కి అప్పజెప్పాడు. అప్పజెప్పాడే గాని ఏం చెయ్యాలో తోచక స్కూటరేసుకుని రోజూ మా ఇంటికొచ్చి పేపరు పైకి చదివేవాడు. మధ్యలో వ్యాఖ్యానం కూడా అతనిదే. నేను ఊ కొట్టేవాణ్ణి.

ఒకరోజు పేపరు రాలేదు. చదవడానికి ఏమీ లేక బావ మా హాల్లో షోకేసు ముందు నిలబడ్డాడు. అందులో గాజుపెట్టెలో ఒక రైలింజను బొమ్మ ఉంది. రిటైరైన రోజు డిపోలో వాళ్ళిచ్చింది. అది ఎలా తెచ్చానో అలాగే ఉంది. బావ పెట్టె మూత తీసి బొమ్మని చేతిలోకి తీసుకుని, చక్రాల్ని బొటనవేలితో తోశాడు.

"ఏటి బావా ఇది, తిరగవేటి?"

"బొమ్మ గదా. తిరగవు."

"ముప్పై నాలుగేళ్ళు బండి తోలినోడికి సక్రాలు తిరగని బండిచ్చారేటి!" అని పగలబడి నవ్వాడు. వంటింట్లోంచి మా ఆవిడ కూడా నవ్వడం వినిపించింది. "ఇలగ కాదు. పెరట్లో పట్టాలేద్దాం. మంచి బండి సేయిద్దాం. నువ్వు తోలుదువు గాని, నాను సూస్తాను."

నేను ఔననలేదు, కాదనలేదు. కాదనాలంటే ఎందుకో చెప్పాలి. ఊరుకోవడం సులువు. మర్నాడు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి బావా, పన్నెండడుగుల అల్యూమినియం యాంగిళ్ళ కట్టా దిగాయి.

మొదటి రెండు రోజులూ నేను కుర్చీలోంచి కదలలేదు. బావ పెరట్లో ఎర్రమట్టి మీద కర్రముక్కలు పరిచి, వాటి మీద యాంగిళ్ళు పెట్టి స్క్రూలు బిగించుకుంటూ పోయాడు. అతను పని చేస్తూ కూడా మాట్లాడతాడు. కొబ్బరిచెట్టు దగ్గర మొదలుపెట్టి జామచెట్టు దాకా వచ్చేసరికి ఆ పట్టాలు పాము పాకినట్టు ఉన్నాయి. ఒకచోట నాలుగంగుళాల వెడల్పు, ఒకచోట ఆరు. ఒక పట్టా పైకి, ఒక పట్టా కిందికి. మూడోరోజు చూడలేకపోయాను. చూడలేకపోవడం అంటే మనసు పాడైందని కాదు. తలుపు ఓరగా ఉంటే లేచి వేస్తాం కదా, అలాంటిది.

లేచి వెళ్ళి, "అంతా పీకెయ్ బావా" అన్నాను.

"ఏటి?"

"పీకెయ్. కింద మట్టి సరిగా నేదు. మట్టి సరిగా నేకపోతే పైన ఏటేసినా నిలవదు."

అలా నేను అందులోకి దిగాను. జానెడు లోతు తవ్వించాను. తడిపి, దిమ్మిసతో కొట్టి, రెండురోజులు ఆరబెట్టి, దాని మీద బేబీ చిప్స్ పోయించాను. కట్టుబడి పనుల్లో వాడే సన్న కంకర అది. రైలు పట్టాల కింద పెద్ద కంకర ఎందుకుంటుందో ఇక్కడ అదీ అందుకే. నీరు నిలవదు, బరువు పంచుకుంటుంది. సామిల్లు నుంచి టేకు ముక్కలు తెచ్చి అన్నీ ఒకే కొలతలో కోసి పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు చేశాం. పట్టాల మధ్య దూరం అయిదంగుళాలు. ఆ కొలతకి ఒక చెక్కముక్క కోసి జేబులో పెట్టుకున్నాను. ప్రతి మూడు స్లీపర్లకీ ఒకసారి ఆ చెక్క పెట్టి చూసేవాణ్ణి. రసమట్టం పెట్టి ఎత్తు చూసేవాణ్ణి. బావ తాపీమేస్త్రీల దగ్గర తెచ్చిన రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా కంకర ఎగదోసేవాణ్ణి.

"నీకింత పనొచ్చని తెల్దు బావా," అన్నాడు. "బండి తోలడమే అనుకున్నాను."

"లైను సూసుకునే గదా తోలతాం."

కొబ్బరిచెట్టు నుంచి తిన్నగా వస్తే లైను కనకాంబరాల మడిలోంచి పోవాలి. మా ఆవిడ వరండా మెట్టు మీద నిలబడి, "నా మడి జోలికొస్తే ఊరుకోను" అంది. అందుకని మడి చుట్టూ మలుపు తిప్పి, వంటింటి గుమ్మం ముందుగా మళ్ళీ కొబ్బరిచెట్టు దగ్గరికి తెచ్చి కలిపాం. మలుపులో బయటి పట్టా కింద రేకుముక్కలు పెట్టి కాస్త ఎత్తు చేశాను. అది ఎందుకని బావ అడిగాడు. మలుపులో బండి బయటికి తూలుతుంది, ఆ ఎత్తు దాన్ని లోపలికి పడుతుంది అని చెప్పాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పట్టాల వెంట చాలాసేపు చూశాడు.

చక్రాలు లేతు షాపులో చేయించాం. లేతు పనివాడు మొదటి జత బండిచక్రాల్లా నున్నగా, సమంగా తిప్పి ఇచ్చాడు. అలా కాదు, లోపలివైపు ఒక అంచు ఉండాలి, అంచు దగ్గర లావుగా ఉండి బయటికి పోను పోను కొద్దిగా సన్నబడాలి అని కాగితం మీద గీసి చూపించాను. అతను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అంత తేడా ఎవలికి తెలస్తాది సార్?" అన్నాడు. చక్రానికి తెలుస్తుంది అన్నాను. మూడోసారి సరిగ్గా చేశాడు. పాత కారు వైపరు మోటారు ఒకటి, రైతులు మందు కొట్టే స్ప్రేయరులో బ్యాటరీ ఒకటి, బావ ఎక్కడో తెప్పించిన రిమోట్ ఒకటి. రేకుతో రెండున్నర అడుగుల ఇంజను కట్టాం. రంగు బావ వేశాడు. పసుపూ ఎరుపూ. అలాంటి రంగు ఇంజను నేనెప్పుడూ నడపలేదు. అయినా ఏమీ అనలేదు.

ఈ పనికి కార్తీకం నుంచి వైశాఖం దాకా పట్టింది. అన్ని నెలల్లో నాకు సంతోషం వేసిందా అంటే చెప్పలేను. చేతులు పనిచేశాయి. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఇంత పొద్దెక్కిందా అనుకునేవాణ్ణి. అంతవరకు తెలుసు.

ఒక ఆదివారం పొద్దున్న ఎండ ముదరకముందే బండి పెట్టాం. మా ఆవిడ ఇంజనుకి బొట్టు పెట్టింది. బావ కొబ్బరికాయ కొట్టి రిమోట్ నా చేతికిచ్చాడు. నేను తిరిగి అతనికే ఇచ్చేశాను. "నువ్వే తోలు. నాను లైను సూస్తాను" అన్నాను.

ఇంజను కదిలింది. కంకర మీద చిన్న గరగర చప్పుడుతో కొబ్బరిచెట్టు దాటింది, మలుపు తిరిగింది. పట్టా వదల్లేదు, ఊగలేదు. బావ రిమోట్ గుండెలకి ఆనించుకుని దాని పక్కనే నడుస్తున్నాడు. రెండో చుట్టులో, జామచెట్టు దగ్గర, గోడ మీంచి పక్కింటివాళ్ళ కోడి ఒకటి దబ్బున దిగింది. సరిగ్గా పట్టాల మధ్య. దిగి, అక్కడే నిలబడి కంకర గీరడం మొదలుపెట్టింది. ఇంజను దాని మీదికే పోతోంది. కోడి తలెత్తి ఇంజను వైపు చూసింది. కదల్లేదు. బావ బొత్తాం నొక్కాడు.

ఇంజను ఆగింది.

"సూసావా బావా! జానెడు దూరంలో ఆగిపోనాది!" అని బావ అరిచాడు. కోడి పారిపోయింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

నేను కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చేతులకి ఏమీ అంటలేదు. అయినా కడుక్కుంటూ ఉండిపోయాను. బకెట్ నిండి పొర్లింది. మా ఆవిడ మెల్లిగా మెట్లు దిగి వచ్చి కుళాయి కట్టేసింది.

"ఏటండీ? ఏటైనాది?"

"ఏటీ నేదు. జానెడు దూరంలో ఆగింది."

"మంచిదే గదా."

"బండి అలగ ఆగదు," అన్నాను. అక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మాట వచ్చేసింది. కుళాయి గట్టు మీద కూర్చుని చెప్పాను. బావ రిమోట్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

పదకొండేళ్ళ కిందటి మాట. కోటబొమ్మాళి దాటి పలాస వైపు పోతున్నాను. మధ్యాహ్నం. మంచి వేగంలో ఉన్నాను. దూరంగా పట్టాల పక్కన ఒక ఆడమనిషి నెత్తిన గడ్డిమోపుతో నడుస్తోంది. హారన్ కొట్టాను. తిరగలేదు. మళ్ళీ కొట్టాను, చెయ్యి తియ్యకుండా కొట్టాను. ఆమె పట్టాలెక్కింది, దాటడానికి. బ్రేకు వేశాను. బండి ఆగాలంటే ముప్పావు కిలోమీటరు కావాలి. నాకూ ఆమెకీ మధ్య అంత లేదు. చివర్లో ఆమె మోపుతో సహా ఇటు తిరిగి చూసింది. కళ్ళలోకి చూసింది అనను, అంత దూరం నుంచి కళ్ళు తెలియవు. మొహం ఇటు తిరిగింది, అంతే.

నా అసిస్టెంటు దిగి వెనక్కి నడిచి వెళ్ళాడు. నేను కేబిన్‌లోనే ఉన్నాను, ఇంజను వదలకూడదు. అతను తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. మెమో రాశాను. 'గుర్తు తెలియని స్త్రీ' అని రాశాను, కిలోమీటరు నంబరు రాశాను, వేగం రాశాను. తరవాతి స్టేషన్లో ఆ కాగితం ఇచ్చాను. పలాస చేరాను. డ్రైవర్లు దిగే రన్నింగ్ రూములో స్నానం చేసి అన్నానికి కూర్చున్నాను. బెండకాయ వేపుడు, చారు. మజ్జిగన్నంలోకి ఆవకాయ అడిగి వేయించుకున్నాను. తిన్నాక రెండు గంటలు నిద్రపోయాను. మర్నాడు బండి వెనక్కి తెచ్చాను.

అంతకుముందు కూడా అలాంటివి జరిగాయి. ఈ ఉద్యోగంలో అందరికీ జరుగుతాయి. మొదటిసారి జరిగినప్పుడు వారం రోజులు అన్నం సయించలేదు. ఈసారి ఆవకాయ అడిగాను. అప్పట్నుంచి ఇంక ఏదీ నా దాకా రాలేదు.

చెప్పడం అయిపోయింది.  బావ మాట్లాడకుండా ఉండడం నేను చూడ్డం అదే మొదలు. రిమోట్‌ని గట్టు మీద నెమ్మదిగా పెట్టాడు.

మా ఆవిడే ముందు నోరు విప్పింది. "పదకొండేళ్ళు నా పక్కన కూకుని అన్నం తిన్నారు," అంది. "ఒక్క మాట సెప్పలేదు."

"ఏటని సెప్తాను."

"ఇప్పుడు సెప్పినట్టే." ఆమె గొంతులో కోపం ఉంది. కొంగుతో నా చేతులు తుడిచింది. "ఆ మడిసి పేరేటి?"

"తెల్దు."

"ఊరు?"

"కిలోమీటరు నంబరు తెలుసు."

ఆమె నా మొహంలోకి చూసింది. "నంబరు తెలుసు గాని పేరు తెల్దు. ఎల్దాం. పేరు తెలుసుకుందాం."

ఎందుకు అన్నాను. ఎందుకో ఆమెకీ తెలిసినట్టు లేదు. తెలియాలి, అంతే అంది. మోకాళ్ళ నొప్పితో అంత దూరం ఎలా వస్తావన్నాను. నా మోకాళ్ళ సంగతి నాకొదిలెయ్యండి అంది. కాదని వాదించడానికి నాలో ఏమీ లేదు. ఆ బుధవారం బావ మమ్మల్ని స్కూటరు మీద ఒకరి తరవాత ఒకరిని బస్టాండుకి దింపాడు.

శ్రీకాకుళం దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు, తరవాత ఆటో. ఆటో దిగి లైను పక్క తోవలో నడిచాం. ఆ కిలోమీటరు రాయి కనుక్కోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. అక్కడ ఇప్పుడు లైను కింది నుంచి చిన్న వంతెన దారి కట్టారు. మనుషులు పైనుంచి దాటక్కర్లేదు. మేం నిలబడి ఉండగానే ఒక బండి వచ్చింది. హారన్ కొడుతూ వచ్చింది, పోయింది. అలవాటు కొద్దీ పెట్టెలు లెక్కపెట్టాను. మా ఆవిడ చెవులు మూసుకుని నా వంక చూసింది. నాకేమీ కాలేదు.

వంతెన అవతల పదిహేను ఇళ్ళుంటాయి. మొదటి ఇంటి ముందు అరవై ఏళ్ళ ఆవిడ చాప మీద మిరపకాయలు ఆరబోస్తోంది. మా ఆవిడ వెళ్ళి ఆవిడ పక్కనే చతికిలబడింది, అడగకుండానే. మంచినీళ్ళు అడిగింది. తాగాక, ఇక్కడ చాన్నాళ్ళ కిందట గడ్డికెళ్ళిన మనిషి రైలు కింద పడిందట, ఎవరామె అని అడిగింది.

ఆవిడ చేతులు మిరపకాయల మీద ఆగాయి. "ఎవలు మీరు?"

"రాజాం నుండి వచ్చాం."

"అది నా తోటికోడలే," అంది ఆవిడ. పేరు చెప్పింది. ఆ పేరు నాకిప్పుడు తెలుసు. ఇక్కడ రాయను, అది వాళ్ళింటిది. "ఒక సెవి ఇనపడదు దానికి. పొయ్యి మీద ఎసరెట్టి, బేగి వచ్చెత్తానప్పా, సూత్తుండు అని ఎల్లింది. ఆవుకి మోపెడు గడ్డి కోసుకొత్తానని." మిరపకాయలు చేత్తో పరుస్తూ మళ్ళీ అంది. "మాం ఏడిసినాం, సరే. ఆ ఇంజనోడు ఎంతేడిసుంటాడో పాపం. ఆడి తప్పేటున్నాది."

మా ఆవిడ నా వైపు చూసింది. చెప్పమని చూసిందో, వద్దని చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు. తరవాత అడిగితే, ఊరికే చూశానంది.

"ఆ బండి తోలింది నానేనమ్మా," అన్నాను.

ఆవిడ తలెత్తింది. నన్ను చెప్పుల దగ్గర్నుంచి తల దాకా చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండును అని కూడా అనుకున్నానేమో, సరిగ్గా గుర్తులేదు.

"నువ్వేనేటి," అంది. తరవాత, "ఎండలో నిలబడ్డావేటి, కూకో."

కూర్చున్నాను.

"ఏడిసావా?"

"నేదు."

"మరేటి సేసావు?"

"బండి పలాస తీసుకెల్లాను. అన్నం తిన్నాను. ఆవకాయ అడిగి ఏయించుకుని తిన్నాను."

ఆవిడ ఒక మిరపకాయ తీసి, తొడిమ తుంచి, మళ్ళీ చాప మీద వేసింది. తొందరేమీ లేదన్నట్టు మాట్లాడింది.

"మాం కూడా తిన్నాం. దాన్ని ఆసుపత్రికి తీసుకుపోనారు, మరుసటి రోజుకి గాని ఇవ్వలేదు. గుంటలు ఆకలని ఏడుత్తన్నారు. దాని ఇంట్లోకెల్లి సూస్తే అది పెట్టిన ఎసరు సగం ఇంకిపోయి ఇంకా కాగుతున్నాది. ఆ ఎసట్లోనే బియ్యం పోసినాను. గుంటలకి పెట్టి నానూ తిన్నాను. అందరూ తిట్టినారు. తినకపోతే ఎలగ?"

 మా ఆవిడ ఆ పెద్దావిడ చేతి మీద చెయ్యి వేసింది.  ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారట, ఒకడు మెకానిక్కు, అమ్మాయికి పెళ్ళయింది. ఆవిడ లేచి ఇంట్లోంచి తాటికాయలు తెచ్చి, కత్తితో కొట్టి ముంజెలు తీసి మాకిచ్చింది. తిన్నాం. వెళ్ళొస్తామన్నాం. మళ్ళీ రమ్మని ఆవిడ అనలేదు, రావద్దనీ అనలేదు. కింది వంతెన దారిలో నీళ్ళున్నాయి, చూసుకుని వెళ్ళండి అంది.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ వైపు కాకుండా నా వైపే చూస్తూ కూర్చుంది. నేను ఏడుస్తానేమోనని చూస్తోందని తెలుసు. ఏడుపు రాలేదు. శ్రీకాకుళం బస్టాండులో దిగేటప్పుడు కాళ్ళు నొప్పి పుట్టాయి. కొత్త చెప్పులు, పొద్దున్నుంచి మడమ దగ్గర ఒరుసుకుని తోలు లేచిపోయింది. అంతసేపూ తెలియలేదు. మందుల షాపులో పట్టీ కొని ఆవిడే అంటించింది. నా కాలు ఆమె ఒళ్ళో పెట్టుకుంటే బస్టాండులో అందరూ చూశారు.

ఆ తరవాత ఏం మారిందని బావ అడిగితే, ఏమీ మారలేదని చెప్పాను. మళ్ళీ పది గంటలకి వచ్చేవాడు, పేపరు చదివేవాడు, బండి తోలేవాడు. నేను లైను చూసేవాణ్ణి. అతను కోడి సంగతి ఎత్తలేదు. కానీ జామచెట్టు దగ్గర గోడ మీద, నాకు చెప్పకుండా, ఒక వరస ఇనపజాలీ బిగించాడు.

వానాకాలం వచ్చింది. మొదటి పెద్ద వానకే మలుపు దగ్గర కట్ట జారింది. పైనుంచి చూస్తే తెలియదు గాని బయటి పట్టా కింద కంకర కొట్టుకుపోయి స్లీపర్లు గాలిలో ఉన్నాయి. నేను అక్కడ ఒక ఎర్రగుడ్డ కట్టి, కొత్త కంకర తేవడానికి ఇంటి ముందువైపు వెళ్ళాను. తట్ట నింపుకుని వచ్చేసరికి బావ ఇంజను వెనక రెండు పెట్టెలు తగిలించి, వాటి నిండా బెండకాయలు నింపి తోలుతున్నాడు. వంటింటి గుమ్మం దాకా కూరగాయలు పంపిస్తానని మా ఆవిడతో పందెం వేశాడట. ఎర్రగుడ్డ తడిసి కిందికి వేలాడుతోంది. అతను చూడలేదు. ఇంజను మలుపెక్కి, పక్కకి ఒరిగి, పల్టీ కొట్టి బురదలో తలకిందులుగా పడింది. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. బెండకాయలు చెల్లాచెదురయ్యాయి.

నేను తట్ట కింద పడేశాను.

"ఎవుడు తోలమన్నాడు నిన్ను?" అని అరిచాను. "లైన్ క్లియర్ ఇచ్చానా నాను? ఎర్రగుడ్డ అగుపించలేదేటి? కళ్ళున్నాయా నేవా? ఆరు నెలలు ఈ లైను మీద మోకాళ్ళరిగిపోయాయి, నీకు ఆటగా ఉన్నాదా?"

ఇంకా చాలా అన్నాను. అన్నీ గుర్తులేవు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.  బావ రిమోట్ పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆపమని అనలేదు. బావ రిమోట్ స్టూలు మీద పెట్టి, స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఇంజను విప్పుతూ కూర్చున్నాను. మోటారులో బురదనీళ్ళు పోయాయి. తుడిచి, ఎండ లేక పొయ్యి పక్కన ఆరబెట్టాను. మర్నాడు పది గంటలైంది. బావ రాలేదు. పేపరు నేనే చదివాను, మనసులో. పదకొండు గంటలకి గేటు చప్పుడైతే లేచి చూశాను, పాలవాడు. ఆ మర్నాడు కూడా రాలేదు. మలుపు దగ్గర కంకర వేసి, రసమట్టం పెట్టి సరిచేశాను. వెనక్కి తిరిగి, "సూడు బావా" అనబోయాను. ఎవరూ లేరు. లోపల ఎక్కడో పట్టేసినట్టయింది. మడమ నొప్పి లాంటిదే, కాస్త పైన.

మూడోరోజు అన్నం తినకుండా వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. అతను అరుగు మీద కూర్చుని, రేడియో విప్పి ముక్కలు పరుచుకుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకుని స్క్రూ తిప్పాడు.

"ఎక్కువనేసాను బావా," అన్నాను.

"అన్నావు," అన్నాడు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ముప్పై ఏళ్ళ నుంచి సూత్తన్నాను నిన్ను. నువ్వరవడం ఇదే మొదులు. మా సెల్లి ఫోను సేసి ఏడిసింది, తెలుసా?"

"ఎందుకు?"

"ఎందుకో దాన్నే అడుగు." లేచి చొక్కా తొడుక్కున్నాడు. "మోటారు ఎండిందా?"

"ఎండింది. లైను కూడా సరిసేసాను."

"అయితే పద."

స్కూటరు మీద అతని వెనక కూర్చున్నాను. మెయిన్ రోడ్డు దగ్గర ధాన్యం లారీ ఏదో అడ్డంగా ఆగి ఉంటే చాలాసేపు నిలబడ్డాం. బావ తోలేవాణ్ణి తిడుతున్నాడు. నాకు ఆకలి వేస్తోంది.